ఆట మధ్యలో వైఫై తెగిపోతుంటే ప్లాన్ మార్చకండి

డాలస్ చుట్టుపక్కలకు కొత్తగా వచ్చిన కుటుంబాల నుంచి ఈ ప్రశ్న నాకు నెలకు రెండు మూడుసార్లైనా వస్తుంది. పిల్లవాడు ప్లేస్టేషన్‌లో ఆడుతుంటే పదినిమిషాలకోసారి కనెక్షన్ పోతోందని, ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేస్తే ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమంటున్నారని, తీసుకోవచ్చా అని అడుగుతారు. వద్దండి. పద్దెనిమిదేళ్లలో ఇక్కడ మూడు ఇళ్లు మారాను. మూడింటిలోనూ ఈ తలనొప్పి వచ్చింది. ఒక్కచోట కూడా అది ప్లాన్ మార్చడం వల్ల తీరలేదు.

ఆటే కదా అని దీన్ని తీసిపారేయకండి. బడీ దేశమూ ఒకేసారి మారిన పన్నెండేళ్ల పిల్లవాడికి మొదటి ఆరు నెలల్లో దొరికే స్నేహితులు చాలావరకు ఆ హెడ్‌సెట్‌లోనే ఉంటారు. జట్టు ఆట మధ్యలో నాలుగుసార్లు మాయమైతే అయిదోసారి వాణ్ని పిలవరు. మా పెద్దవాడి విషయంలో అది కళ్లారా చూశాను.

ఆడేటప్పుడు కావలసిన వేగం చాలా తక్కువ, సెకనుకు కొద్ది మెగాబిట్లు చాలు. వంద గిగాబైట్ల ఆటను దింపుకునేటప్పుడే పెద్ద ప్లాన్ ఉపయోగపడుతుంది. ఆడుతున్నప్పుడు కావలసింది నిలకడ. పంపిన సమాచారం సమయానికి చేరాలి, జవాబు సమయానికి రావాలి. రౌటర్‌కూ కన్సోల్‌కూ (ప్లేస్టేషన్ లాంటి ఆట పెట్టెకూ) మధ్య లోపముంటే 300 మెగాబిట్లలో తెగిన ఆట 1000 మెగాబిట్లలోనూ తెగుతుంది.

కాబట్టి డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక్క సాయంత్రం ఈ పని చేయండి. కన్సోల్‌ను తీసుకెళ్లి రౌటర్ పక్కన పెట్టి, ల్యాన్ కేబుల్‌తో కలిపి, రోజూ ఆడే వేళకే ఆడించండి. ప్లేస్టేషన్ 5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కు వెనకాల ఆ పోర్టు ఉంటుంది. నింటెండో స్విచ్ మొదటి మోడల్ డాక్‌కు (దాన్ని టీవీకి కలిపే పీఠానికి) ఉండదు, యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి; 2021లో వచ్చిన ఓలెడ్ మోడల్ డాక్‌కు ఉంది.

కేబుల్ పెట్టినా తెగిపోతుంటే లోపం బయటి నుంచి వచ్చే లైనులో ఉందని అనుకోవచ్చు. మా రెండో ఇంట్లో మోడెమ్ వెనక గుండ్రటి టీవీ కేబుల్ మర వదులుగా ఉంది. వేళ్లతో రెండు చుట్లు తిప్పి బిగించాక నెలరోజుల బాధ పోయింది. అలా కుదరకపోతే కంపెనీకి ఫోను చేసి, వైరుతో కలిపినా తెగుతోందని మొట్టమొదటే చెప్పండి. అప్పుడు వైఫై మీదికి నెట్టడానికి వాళ్లకు వీలుండదు, టెక్నీషియన్‌ను పంపుతారు.

కేబుల్‌తో ఆట సాఫీగా సాగిందంటే తప్పు వైఫైదే. అప్పుడు మొదట చూడవలసింది రౌటర్ ఎక్కడుందన్నది. ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, ఇక్కడి చెక్క చట్రాల గోడల్లో సిగ్నల్‌కు అడ్డేముంటుందని అనుకుంటాం. అడ్డు లోహం నుంచి వస్తుంది. టెక్సస్‌లో ఈ పాతికేళ్లలో కట్టిన చాలా ఇళ్లలో బట్టల గది గోడలోనో, బట్టలుతికే గదిలోనో ఒక రేకు పెట్టె బిగించి ఉంటుంది. ఇంట్లోని కేబుళ్లన్నీ అక్కడికే చేరతాయి. ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చిన మనిషి రౌటర్‌ను ఆ పెట్టెలోనే పెట్టి, తలుపు మూసి వెళ్లిపోతాడు. రేకు పెట్టెలో బంధించిన రేడియో పై గదికి ఎలా చేరుతుంది? దాన్ని బయటికి తీసి ఇంటి మధ్యలో, ఛాతీ ఎత్తున, ఫ్రిజ్‌కూ పెద్ద అద్దాలకూ దూరంగా పెట్టండి.

ఆ పెట్టెను మూసేముందు లోపల బాగా చూడండి. మా ఇంట్లో తెరిస్తే నీలిరంగు వైర్లు నాలుగు గుత్తిగా వేలాడుతున్నాయి, ఒకదాని మీద పెన్నుతో ‘బీఆర్ 3’ అని రాసి ఉంది. మూడో పడకగది అన్నమాట. ఆ గది గోడలో ఫోను సాకెట్ ఒకటి ఉండేది, ఏనాడూ వాడలేదు. విప్పి చూస్తే వెనక ఉన్నది ఇదే వైరు, ఒంటి మీద ‘క్యాట్ 5ఈ’ అని అచ్చు. సెకనుకు గిగాబిట్‌ను వంద మీటర్ల దాకా మోయగల వైరు అది. రెండు చివర్లా ల్యాన్ సాకెట్లు బిగించడానికి ఒక శనివారం మధ్యాహ్నం పట్టింది. ఆ తరువాత మావాడి ఆట ఒక్కసారి కూడా తెగలేదు. ఇల్లు కొన్నవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: మీ గోడల్లో ఇప్పటికే వైరు ఉందేమో చూసుకోండి.

అద్దె ఇంట్లో గోడలు తొలిచే వీలుండదు, డిపాజిట్ పోతుంది. చదునైన ల్యాన్ కేబుల్‌ను గోడ అంచు వెంబడి, తివాచీ కింద లాగవచ్చు. ప్రతి గదిలో టీవీ కేబుల్ ఉంటే ‘మోకా’ అడాప్టర్ల జత కొని దాని మీదుగానే ల్యాన్ నడపవచ్చు. సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే రిపీటర్లు మాత్రం ఆటకు మంచివి కావు, అదే గాలిని రెండుసార్లు వాడుకుంటాయి.

వైరు అసలు కుదరకపోతే వైఫైలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (రేడియో తరంగాల పట్టీ) వాడండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్, పక్కింటివాళ్ల రౌటర్లు అన్నీ కలిసి గోల చేస్తాయి. 2013 నాటి మొదటి ప్లేస్టేషన్ 4కు మాత్రం 2.4 తప్ప వేరే దారి లేదు. దానికి 1, 6, 11 ఛానెళ్లలో (బ్యాండ్‌లోని చిన్న భాగాల్లో) రద్దీ తక్కువున్నది ఎంచుకోండి. విమానాశ్రయం దగ్గర ఉండేవాళ్లు ఇంకొకటి గమనించాలి. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లను రాడార్లతో పంచుకోవాలి. రాడార్ వినిపించిన క్షణాన రౌటర్ ఆ ఛానెల్ వదిలేయాలన్నది నియమం, ఆట అక్కడే తెగుతుంది. 36 నుంచి 48 మధ్యగానీ, 149 పైనగానీ పెట్టుకోండి.

ఆట నడుస్తున్నా స్నేహితుల మాటలు వినిపించకపోతే సెట్టింగుల్లో ‘నాట్’ (NAT) రకం చూడండి. ఇంట్లోని పరికరాలన్నిటినీ రౌటర్ ఒకే ఇంటర్నెట్ చిరునామా మీద నడిపే పద్ధతి అది. ప్లేస్టేషన్‌లో టైప్ 3 అనో, ఎక్స్‌బాక్స్‌లో స్ట్రిక్ట్ అనో ఉంటే, చాలావరకు కంపెనీ ఇచ్చిన పెట్టె వెనక మీరు కొన్న రౌటర్ కూడా రౌటర్‌గానే పనిచేస్తోందని అర్థం. కంపెనీ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించండి, అంటే అది రౌటర్ పని మానేసి లైనును మీ రౌటర్‌కు అందిస్తుంది.

ఇక విజయవాడలో ఉన్న మేనమామ కొడుకుతో ఆడాలని పిల్లలు ముచ్చటపడతారు. డాలస్ నుంచి తెలుగునాటికి నేరుగా కొలిచినా సుమారు పద్నాలుగు వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే వెళ్లి రావడానికే 140 మిల్లీసెకన్లు. కేబుళ్లు చుట్టు తిరిగి వెళ్తాయి కాబట్టి అసలు లెక్క 200 దాటుతుంది. ఏ రౌటర్ కొన్నా ఇది తగ్గదు. తుపాకీ ఆటల్లో మీవాడు ఓడిపోతూనే ఉంటాడు, అది వాడి తప్పు కాదని చెప్పండి. ఇద్దరూ కలిసి ఇళ్లు కట్టుకునే ఆటలు, వంతులవారీ ఆటలు ఈ ఆలస్యాన్ని తట్టుకుంటాయి. ఎండాకాలంలో ఇక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిదైతే అక్కడ శనివారం ఉదయం ఏడున్నర, ఇద్దరూ మేలుకునే ఉంటారు.