బావగారి పాలసీలో ఇంకా ఎంత మిగిలింది?

కావలి అక్కా, పక్షవాతం వచ్చిన బావగారిని నెల్లూరులో రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాక, 5 లక్షల ఫ్లోటర్ (ఇంట్లో అందరికీ కలిపి ఒకే మొత్తం ఉండే) ఆరోగ్య బీమా పాలసీలో ఎంత మిగిలిందో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు. ఆసుపత్రి బిల్లు చూసి లెక్క వేయకండి. సెటిల్‌మెంట్ లెటర్‌లో కంపెనీ చెల్లించినట్టు చూపిన మొత్తమే 5 లక్షల్లోంచి తగ్గుతుంది, మీరు చేతి నుంచి కట్టింది కాదు. మా అమ్మ డయాలసిస్ రోజుల్లో నోటుబుక్కులో తేదీ, క్లెయిమ్ నంబరు, చెల్లించింది, మిగిలింది రాసుకునేదాన్ని. ఎంత ధైర్యంగా ఉండేదో! ఫ్లోటర్ కాబట్టి రేపు మీరు జ్వరంతో చేరినా అదే మొత్తంలోంచి పోతుంది, మర్చిపోకండి. మిగిలింది ఎంతో కంపెనీకి ఈమెయిల్ పెట్టి రాతలో తీసుకోండి. రీస్టోరేషన్ (అయిపోయిన బీమా మొత్తాన్ని కంపెనీ మళ్లీ నింపే సదుపాయం) ఉంటే అదే జబ్బుకు వర్తిస్తుందేమో కూడా అందులోనే అడగండి. ఎంతకీ జవాబు రాకపోతే బీమా నియంత్రణ సంస్థ IRDAI వాళ్ల ఫిర్యాదుల సేవ బీమా భరోసా 155255కు ఫోన్ చేయండి.