మోటారు మార్చనవసరం లేదు

ఖాళీ కాగితపు గొట్టాల్లో పొగాకు నింపే మీ ఇంటి సిగరెట్ల యంత్రం మధ్యలో ఆగి గొట్టం చిరుగుతోందని, మోటారు మార్చాలా అని అడిగారు. వద్దండీ, ముందు పొగాకును చూడండి. గుప్పిట్లో నొక్కి వదిలితే ముద్దగానే ఉండిపోతుందా? అయితే తడి ఎక్కువ. కాగితంపై పలుచగా పరిచి కాసేపు ఆరనివ్వండి, మరీ ఎండితే పొడై రాలుతుంది. ఈనెలు ఏరేయండి, గొట్టాన్ని చీల్చడానికి ఒక్క పుల్ల చాలు. యంత్రంలో పొగాకు పోసే అరలో కూరి నింపకండి. సాధారణంగా ఇక్కడే అందరూ ఆశపడతారు! ఇంట్లో చేసుకుంటే హాని తక్కువన్న మీ మాట మాత్రం నిజం కాదు.

గొట్టం 84 మిల్లీమీటర్లదైతే గొట్టం పొడవును ఎంచే మీట 100 దగ్గర ఉండకూడదు, ఫిల్టర్ ఊడుతుంది. ప్లగ్గు తీసి, పొగాకును తోసే లోహపు పట్టీ చుట్టూ చేరిన పొడిని పొడి బ్రష్షుతో దులపండి. నూనె వేయకండి. అప్పటికీ ఆగితే ఆ పట్టీ వంగిందేమో చూడండి.