పక్షుల కాళ్లకి రింగులు వేయడం హింస కాదా?

సైన్స్ పేరు చెప్పి పిట్టల్ని వలలో పట్టి, అవి ఎక్కడికి పోతాయో తెలుసుకోవడానికని కాలికి నంబరున్న రింగు తొడగడం హింసే కదా అని అడిగారు. కాదండీ. నేను దగ్గరుండి చూశాను, ఒక పిట్టని నా చేత్తో వదిలాను కూడా.

నేను మెడిసిన్ చదివింది రష్యాలో, కలినిన్‌గ్రాడ్‌లో. అక్కడ బాల్టిక్ తీరంలో కురోనియన్ స్పిట్ అని 98 కిలోమీటర్ల పొడుగున ఇసుక మేట ఉంటుంది, సగం రష్యాది సగం లిథువేనియాది, ఒక పక్క సముద్రం ఇంకో పక్క మడుగు, కొన్ని చోట్ల అర కిలోమీటర్ వెడల్పు కూడా ఉండదు. చిన్న పిట్టలకి నీళ్ల మీదుగా పోవడం భయం, అందుకని వలసకాలంలో అన్నీ ఆ సన్నటి నేల పట్టుకునే పోతాయి. అది చూసే థీనెమాన్ అనే జర్మన్ ఆయన 1901లో అక్కడ పక్షుల్ని పరిశీలించే స్టేషన్ పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మూతపడింది, 1956లో సోవియట్ వాళ్లు మళ్లీ మొదలెట్టారు. ఆ స్టేషన్ ఉన్న ఊరి పేరు ఇప్పుడు రిబాచీ.

అక్టోబర్‌లో ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లాం. అడవిలో తాటిచెట్టంత ఎత్తున నోరు తెరిచిన వల, ఉత్తరం వైపుకి, ఎందుకంటే శరత్కాలంలో పిట్టలొచ్చేది అటు నుంచే. లోపలికి పోనుపోను సన్నబడి చివర్లో చిన్న గదిలా అవుతుంది. ఒక పెద్దావిడ అందులోంచి గోల్డ్‌క్రెస్ట్ అనే బుల్లి పిట్టని తీసి, రింగు వేసి, రెక్క కొలిచి, పొట్ట మీద ఈకల్ని ఉఫ్‌మని ఊది కొవ్వెంత ఉందో చూసి, చిన్న గొట్టంలో పెట్టి తూచింది. నిమిషం కూడా పట్టలేదు. ఐదారు గ్రాములు! తర్వాత నా అరచేతిలో పెట్టింది. ఆ గుండె కొట్టుకోవడం నా చర్మానికి తెలుస్తోంది, క్షణం అలాగే పడుకుని తుర్రుమంది. నాకు ఏడుపొచ్చేసింది.

హింస ఏంటో చెప్పమంటే మా సూళ్లూరుపేట పక్కన పులికాట్‌లో చూపిస్తా. ఫ్లెమింగోలు లేచి ఎగిరితే ఫొటో బాగొస్తుందని పడవని గుంపు మీదకే పోనిమ్మనేవాళ్లని నేను చూశాను, చాలా దూరం ఎగరాల్సిన పక్షులు తినేది తినకుండా పదేపదే లేస్తుంటే ఎంత శక్తి పోతుందో ఒక్కరూ ఆలోచించరు, పైగా కేకలు, పాటలు, చెప్తే మనమీదకే వస్తారు.

రింగున్న పక్షి మీకెక్కడైనా దొరికితే, చచ్చిపోయినదైనా సరే, నంబర్ స్పష్టంగా ఫొటో తీసి, దొరికిన చోటూ తేదీ రాసి ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి, ప్లీజ్.