కోనలోకి దిగే ముందు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. డిసెంబరు మూడో వారంలో నలుగురు ఫ్రెండ్స్‌తో బెంగళూరు నుంచి వస్తున్నామనీ, తలకోన వైపు ఒక పగలంతా కోనలో నడిచి చీకటి పడేలోపు తిరిగి రావాలనీ రాశావు. చాలా సంతోషం. ఫోన్లో చెబితే సగం మాటలు గాలికి పోతాయి, అందుకే కూర్చుని రాస్తున్నా. నీతో వచ్చేవాళ్లకు కూడా చదివి వినిపించు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటే. వెనక్కి తిరిగే టైం ఇంట్లోనే పెట్టుకుని బయల్దేరండి. కోనలోకి వెళ్లాక పెట్టుకుందాం అనుకుంటే పెట్టుకోలేరు. అక్కడ ప్రతి మలుపు దగ్గరా ఇంకో మలుపు కనబడుతుంది, దాని అవతల ఒక గుండం ఉంటుంది, ఆ గుండం పైన ఒక ధార వినబడుతుంది. కాళ్లు వాటంతట అవే పోతాయి. డిసెంబరులో మనకు పొద్దు గూకేది ఐదు ముప్పావుకు. కానీ రెండు వైపులా కొండ గోడలున్న కోనలో నాలుగున్నరకే మసక పడుతుంది. కాబట్టి సాయంత్రం నాలుగుకల్లా అటవీశాఖ గేటు దగ్గర ఉండాలని పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోండి. దిగడం సులువు, తొందరగా వచ్చేస్తాం అనుకోవద్దు. తడి బండల మీద ఎక్కేదానికంటే దిగేదానికే ఎక్కువసేపు పడుతుంది, పైగా అప్పటికి మోకాళ్లు అలిసిపోయి ఉంటాయి. పొద్దున ఏడుకు నడక మొదలుపెడితే పదకొండుకు ఎక్కడున్నా సరే, ఎంత బాగున్నా సరే, అక్కడే అన్నం తిని తిరగడమే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో మీ నాన్న నీకు చెప్పి ఉండడు. మేం చిన్నవయసులో ఉన్నప్పుడు నవంబరు నెలలో నేనూ, మీ నాన్నా, ఇంకో ఇద్దరు స్నేహితులూ ఒక కోనలోకి వెళ్లాం. అంతకు రెండు రోజుల ముందే వాన వెలిసింది. ఆ రోజు నెత్తి మీద ఎండ కాస్తోంది. పన్నెండుకు తిరగాలనుకున్నవాళ్లం, రెండుకు ఇంకా పైనే ఒక బండ మీద కూర్చుని పులిహోర తింటున్నాం. నాకప్పటికే ఒక అలవాటు ఉంది. అడవిలో తేనె తీసే ఒక యానాది పెద్దాయన నేర్పింది. కోనలో ఎక్కడ కూర్చున్నా నీటి అంచున, తడీ పొడీ కలిసే చోట ఒక తెల్లరాయి పెట్టమనేవాడు. ఆ రోజూ పెట్టాను. మీ నాన్న చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్లి, అక్కడే నిలబడి అడిగాడు: "అన్నా, నీ రాయి ఏదీ?"

రాయి ఉంది. నాలుగు వేళ్ల లోతు నీళ్ల కింద ఉంది. నీళ్లు ఇంకా తేటగానే ఉన్నాయి, అందుకే ఎవరికీ తెలియలేదు. చూస్తుండగానే ఎండుటాకులూ, పుల్లలూ కొట్టుకొచ్చాయి. తర్వాత నీళ్లు టీ రంగుకు తిరిగాయి. సంచులు అందుకుని కుడివైపు బండ ఎక్కేసరికి, మేం కూర్చున్న చోట పిక్కల లోతు వచ్చేసింది. ఇంకో పది నిమిషాలకు ఆ చోటే కనబడలేదు. మా మీద ఒక్క చినుకు కూడా పడలేదు. వాన ఎక్కడో పైన, మాకు కనబడని కొండ మీద పడింది. ఆ రాత్రంతా ఆ బండ మీదే ఉన్నాం. నీళ్ల కింద పెద్ద పెద్ద రాళ్లు దొర్లుతుంటే ఆ అదురు మా వీపులకు తెలుస్తుండేది. మీ నాయనమ్మ తెల్లవార్లూ వాకిట్లోనే కూర్చుంది. మేం ఎటు వెళ్లామో ఆమెకు చెప్పలేదు. ఆ తప్పు నాదే, పెద్దవాణ్ణి నేను.

మన కొండలు ఎందుకిట్లా చేస్తాయో తెలుసుకుంటే నీకే జాగ్రత్త వస్తుంది. శేషాచలం పైభాగమంతా క్వార్ట్‌జైట్ రాయి, దాని కింద పాత గ్రానైట్. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ రెండూ కలిసే గీత కంటికి కనబడుతుంది. ఆ గీత దగ్గర కనీసం 50 కోట్ల ఏళ్ల కాలానికి చెందిన రాళ్లే లేవు, అందుకే ప్రపంచం నలుమూలల నుంచి భూగర్భ శాస్త్రవేత్తలు వచ్చి చూస్తారు. ఈసారి కొండకు వెళ్లినప్పుడు నీకు చూపిస్తా. ఇక్కడ మనకు కావలసింది ఏమంటే, ఆ రాళ్లు నీళ్లు తాగవు. పైన మట్టి పొర కూడా పలచన. కొంచెం నీరు పగుళ్లలోకి ఇంకి ఎండాకాలం దాకా ఊటగా కారుతుంది, మన తీర్థాలు చాలావరకు అట్లా బతికేవే. గట్టి వాన పడితే మాత్రం మిగతాదంతా నున్నటి బండల మీద జారి ఒక్కసారిగా కోనలోకి వస్తుంది. మామూలు రోజుల్లో కపిలతీర్థం ధార ఎంత నెమ్మదిగా పడుతుందో నీకు తెలుసు. 2021 నవంబరులో అదే చోట ఎట్లా విరుచుకుపడిందో వీడియోల్లో చూశావు. ఆ వానకు దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారి మళ్లీ తెరవడానికి నెలలు పట్టింది.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో వాయుగుండం పడినప్పుడల్లా. నువ్వొచ్చేది ఆ చివరి రోజుల్లోనే. నీళ్లు నిండుగా ఉంటాయి, అడవి పచ్చగా ఉంటుంది, నడవడానికి మంచి కాలమే. అయితే బయల్దేరే ముందు తిరుపతికి మాత్రమే కాదు, అన్నమయ్య జిల్లా వైపు కూడా వాన సూచన చూడు. వాయుగుండం ఉందంటే ప్రయాణం క్యాన్సిల్ చేసుకో. అక్కడికి పోయాక నీళ్లు రంగు మారినా, చెత్త కొట్టుకొచ్చినా, ఎగువ నుంచి చల్లగాలి మట్టివాసనతో వచ్చినా, హోరు పెరిగినా ఆలోచించవద్దు. కోన వెంబడి కిందికి పరిగెత్తవద్దు, నీళ్లు నీకంటే వేగంగా వస్తాయి. పక్కకు, పైకి ఎక్కండి. సంచి పోతే పోనీ. నడుస్తున్నప్పుడే ప్రతి అరగంటకూ, ఇప్పుడు నీళ్లొస్తే ఎటు ఎక్కాలి అని చూసుకుంటూ పో. రెండు వైపులా గోడలే ఉండి ఎక్కే చోటు లేని ఇరుకు వస్తే, ఆకాశం పూర్తిగా తేటగా ఉంటేనే దాటు. అందులో ఫొటోల కోసం ఆగవద్దు.

గుండాల సంగతి. పైనుంచి దూకవద్దు, ఎవరు దూకినా నువ్వు దూకవద్దు. కిందటేడు లోతున్న చోట ఈ ఏడు వరదకు బండ దొర్లి ఉంటుంది, పైకి తెలియదు. ఎండలో చెమట పట్టిన ఒంటితో చల్లటి నీళ్లలోకి ఒక్కసారిగా దిగితే ఈత వచ్చినవాడికి కూడా ఊపిరి బిగుసుకుపోతుంది. మెల్లగా, మోకాళ్ల దాకా దిగి ఆగి, తర్వాత ముందుకు పో. ధార పడే చోటికి నేరుగా వెళ్లవద్దు, పైనుంచి రాళ్లు పడతాయి. తలకోన జలపాతం 270 అడుగులు. అంత ఎత్తు నుంచి గుప్పెడు రాయి పడినా చాలు. నల్లగా చార కట్టిన బండ మీద పాచి ఉంటుంది, ఎండినట్టు కనబడినా నమ్మవద్దు. చేతిలో ఒక కర్ర ఉంచుకో. నీళ్లలో అడుగు వేసే ముందు కర్ర వేసి చూడు.

దారి గురించి కొత్తవాళ్లకు తట్టని సంగతి ఒకటుంది. కింద నుంచి పైకి పోయేటప్పుడు వంకలు, అంటే చిన్న వాగులు, చీలుతూ పోతాయి, తిరిగి దిగేటప్పుడు అన్నీ కలిసి ఒకే చోటికి తెస్తాయి. అందుకే తలకోన లాంటి చోట కింద నుంచి వెళ్లినవాడు తప్పిపోవడం తక్కువ. పైనుంచి లోయలోకి దిగినవాడికి తిరుగు ప్రయాణంలో ప్రతి చీలికా పరీక్షే. ఎటువైపు వెళ్లినా, రెండు వంకలు కలిసే చోట ఆగి వెనక్కి తిరిగి ఫొటో తీసుకో. వచ్చిన దారి వెనక్కి చూస్తే వేరే దారిలా ఉంటుంది. లోపల సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, చార్జింగ్ మిగులుతుంది. మళ్లీ ఎక్కలేని బండ ఏదైనా ఉంటే దాని మీది నుంచి కిందికి జారవద్దు.

నీళ్లు మనిషికి నాలుగు లీటర్లు మోయండి. చుట్టూ నీళ్లుండగా మోయడం ఎందుకని మీ వాళ్లు అంటారు. ఆ నీళ్లలో కణుజులనే పెద్ద జింకలు, పందులు, కోతులు అన్నీ దిగుతాయి. ఇంట్లోనే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి ఒక్కొక్కరికి ఒక సీసా చేసి పెట్టుకోండి. మాట తడబడినా, చెమట ఆగిపోయినా, ఉన్నట్టుండి చిరాకు పడినా అది ఎండదెబ్బే. నీడలో పడుకోబెట్టి, బట్టలు తడిపి విసరాలి. డిసెంబరులో కూడా పదకొండు దాటాక బండలు కాలతాయి. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఈ కోనల మాటే ఎత్తవద్దు. తిండికి పులిహోర, బొరుగులు, వేరుశనగ ఉండలు చాలు. అరటిపళ్లు సంచిలో కనబడితే కోతులు సంచినే లాక్కుపోతాయి. జీన్స్ వద్దు, తడిస్తే బరువెక్కి ఒరుసుకుంటాయి. పట్టున్న షూ, నిండు చేతుల చొక్కా, రక్తం తాగే గోమార్లు ఎక్కకుండా సాక్స్‌లోకి దోపిన ప్యాంటు ఉంటే సరిపోతుంది.

జంతువుల గురించి అతిగా భయపడవద్దు. అవి మనల్ని తప్పించుకునే తిరుగుతాయి. మాట్లాడుకుంటూ నడిస్తే ఎలుగుబంటి ముందే పక్కకు పోతుంది. చిరుతకు అనువైన వేళ తెల్లవారుజాము, సాయంత్రం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నపాప చిరుత బారిన పడింది రాత్రివేళే. మీలో అందరూ పెద్దవాళ్లే, అయినా ఒక్కరు కూడా విడిగా వెనకబడకూడదు. నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు పెట్టి, అడవి బాగా తెలిసినవాణ్ణి చివర పెట్టండి.

నాకు వీటన్నిటికంటే భయం తేనెటీగలంటే. కోన గోడల మీద ఎత్తున పెద్ద తేనెపట్లు నల్లటి చాటల్లా వేలాడుతుంటాయి. వాటి కింద కేకలు వేయవద్దు, సిగరెట్ వెలిగించవద్దు, సెంటు కొట్టుకుని రావద్దు. లేస్తే ముఖం గుడ్డతో కప్పుకుని ఆగకుండా దూరం పరిగెత్తండి. నీళ్లలో మునిగితే పోతాయనుకోవద్దు, తల పైకెత్తేదాకా పైనే తిరుగుతుంటాయి.

పాము కరిస్తే కొయ్యవద్దు, పీల్చవద్దు, తాడు బిగించవద్దు. కరిచిన కాలు కదలకుండా కర్ర కట్టి, టైం రాసుకుని, మోసుకుని తీసుకురావాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ విరుగుడు మందు ఒకటే, అది ఆసుపత్రిలోనే ఎక్కిస్తారు. పామును పట్టుకోవడానికి టైం పాడుచేయవద్దు. సిగ్నల్ అందగానే 108కి ఫోన్ చేసి, తిరుపతిలో రుయా ఆసుపత్రికి తీసుకురండి. చెయ్యి పెట్టే ముందు, కూర్చునే ముందు రాయి సందు చూసుకుంటే ఈ అవసరం రాదు.

పర్మిషన్ లేకుండా అడుగు కూడా పెట్టవద్దు. ఇది ఎర్రచందనం పుట్టిల్లు. అనుమతి లేకుండా లోపల దొరికితే కారణం ఏం చెప్పినా అటవీశాఖ వాళ్లు వినరు, వినాల్సిన అవసరం కూడా వాళ్లకు లేదు. రాత్రీ పగలూ కాపలా కాసేది వాళ్లే. అటవీశాఖ టికెట్ తీసుకుని, అక్కడి ఊరి గైడ్‌ను తప్పకుండా పెట్టుకో. అతను ఈరోజు వద్దు అంటే డబ్బులిచ్చేసి వెనక్కి వచ్చేయండి, బేరమాడవద్దు.

ఫాల్గుణ పౌర్ణమికి సెలవు దొరికితే మళ్లీ రా, తుంబురు తీర్థ ముక్కోటి పండగకు మనిద్దరం వెళ్దాం. పాపవినాశనం దాటి నడిచి దిగాలి. కొండ నిలువునా రెండుగా చీలినట్టు గోడలు దగ్గరికొచ్చి, మధ్యలో నీళ్లలో నడిపిస్తుంది. ఆ రోజు టీటీడీ వాళ్లే దారి పొడవునా మనుషుల్ని పెట్టి మంచినీళ్లు ఇస్తారు. మీ నాన్నను కూడా రమ్మను. ఆ రాత్రి తర్వాత వాడు నాతో మళ్లీ కోనకు రాలేదు.

ఇప్పుడు నాకు కావలసింది, ఐదుగురి పేర్లు, ఇళ్లవాళ్ల ఫోన్ నంబర్లు, కారు నంబరు, ఏ కోనలోకి వెళ్తున్నారో, తిరిగే టైం ఎంతో. ముందురోజు రాత్రే పంపు. బయటికి రాగానే, భోజనం కంటే ముందు, నాకు ఫోన్ చెయ్యి. ఆరు దాకా చూస్తాను. ఆరు దాటితే నీకు కాదు, అటవీశాఖ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి, కారు తీసుకుని భాకరాపేట మీదుగా బయల్దేరతాను. మీ పెద్దమ్మ రాత్రికి వంట చేసి ఉంచుతానంది. ఎంతమందో అది కూడా రాయి.

మీ పెదనాన్న,
తిరుపతి