పొగ పరీక్షలో తప్పిన పాత కారు: బాగు చేయించాలా, మార్చేయాలా?

ప్రశ్న: విజయవాడలో ఉంటాను. రిటైరైన ఉపాధ్యాయుణ్ని. నెలకు 42 వేల పింఛను వస్తుంది, బ్యాంకులో 9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. 2011 అక్టోబరులో ఇక్కడే కొన్న పెట్రోలు కారుకు 2026 అక్టోబరుతో ఆర్‌సీ గడువు తీరిపోతుంది. పొల్యూషన్ చెకప్‌కు తీసుకెళ్తే ఫెయిలని చీటీ చేతిలో పెట్టారు: సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 1.2 శాతం, హెచ్‌సీ (మండకుండా మిగిలిన ఇంధనపు ఆవిరి, హైడ్రోకార్బన్లు) 420. మెకానిక్ సైలెన్సర్ దగ్గరుండే, పొగలోని విషవాయువుల్ని తగ్గించే కన్వర్టర్ మార్చాలి, 28 వేలవుతుందంటున్నాడు. మా అబ్బాయేమో పదిహేనేళ్ల బండి మీద ఇంకా డబ్బు పోయడం దండగ, లక్షన్నర కట్టి మిగతాది లోను మీద కొత్తది తీసుకోమంటున్నాడు. ఢిల్లీలో ఇలాంటి బండ్లు తిరగనివ్వట్లేదట కదా అని భయం కూడా పట్టుకుంది. మేం ఏడాదికి మూడు వేల కిలోమీటర్లకు మించి తిరగం, అదీ ఆసుపత్రికీ గుడికీ. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ఆ 28 వేలు ఇప్పుడే ఇవ్వకండి. కొత్త కారుకు అడ్వాన్సూ కట్టకండి. ముందు ఆ చీటీ మరోసారి తీసి చూడండి, సగం జవాబు అందులోనే ఉంది.

బండి పొగకు ప్రభుత్వం పెట్టిన హద్దుల్ని బీఎస్ (భారత్ స్టేజ్) ప్రమాణాలంటారు; అంకె పెరిగేకొద్దీ హద్దు కఠినం. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 ప్రమాణం హైదరాబాద్‌తో సహా పదమూడు నగరాలకే వచ్చింది. విజయవాడ అందులో లేదు. కాబట్టి మీది బీఎస్-3 బండి అయ్యే అవకాశమే ఎక్కువ. ఆర్‌సీలో ఓసారి సరిచూసుకోండి. బీఎస్-3 పెట్రోలు కారుకు సీఓ 0.5 శాతం, హెచ్‌సీ 750 దాటకూడదు. అంటే మీ హెచ్‌సీ హద్దులోనే ఉంది, దాటింది సీఓ ఒక్కటే. అదే బీఎస్-4 అయితే హద్దులు 0.3, 200. అప్పుడు రెండూ తప్పినట్టు.

ప్లగ్గులు సరిగా కొట్టకపోతే పెట్రోలు మండకుండానే బయటికి పోయి హెచ్‌సీ ఎగబాకుతుంది. మీకు అలా లేదు. సీఓ పెరిగిందంటే ఇంజిన్‌కు గాలి చాలక, పెట్రోలు ఎక్కువై కాలుతోందన్నమాట. దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్, తప్పు రీడింగ్ ఇస్తున్న ఆక్సిజన్ సెన్సర్, కారే ఇంజెక్టర్లు... వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఫిల్టర్ వందల్లో తేలిపోతుంది, సెన్సర్ వేలల్లో. కన్వర్టరే చచ్చిపోయి ఉండొచ్చు కూడా, కానీ అది చివర చూడాల్సింది. నా పాత కారుకు ఒక గ్యారేజీ వాళ్లు ముందే కన్వర్టర్ మార్చేశారు. పరీక్ష మళ్లీ తప్పింది. అసలు లోపం సెన్సర్‌లో ఉందని రెండో మెకానిక్ చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆ డబ్బు మళ్లీ చేతికి రాలేదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను: ముందు ఇంజిన్ లోపాలు చూపే స్కానర్ పెట్టి చూడమనండి, సెన్సర్ రీడింగ్ మీ కళ్లముందే చూపించమనండి.

ఇంకో మాట. ఇంటి దగ్గర బయల్దేరి రెండు కిలోమీటర్లు నడిపి పరీక్షకు పెట్టారేమో గుర్తు తెచ్చుకోండి. ఇంజిన్ వేడెక్కకపోతే మంచి కన్వర్టర్ కూడా పని చేయదు. మీలా తక్కువ తిరిగే బండ్లకు ఈ చిక్కు మామూలే. ఆయిల్, ఫిల్టర్ మార్పించి, బెంజి సర్కిల్ మీదుగా హైవే ఎక్కి ఇరవై నిమిషాలు నడపండి. బండి ఆపకుండా నేరుగా సెంటర్‌కు పోనివ్వండి. నాలుగొందలు అదనంగా ఇస్తే చూడకుండానే సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్లు ఎదురైతే దయచేసి ఒప్పుకోకండి. సీఓ కంటికి కనబడని విషం. అది మీ వీధిలో పిల్లలు పీల్చే గాలిలోనే కలుస్తుంది.

ఢిల్లీ సంగతికి వస్తే, పదిహేనేళ్ల పెట్రోలు, పదేళ్ల డీజిలు బండ్ల మీద ఆంక్షలు ఆ రాజధాని ప్రాంతానివి. మన దగ్గర సొంత కారుకు అలాంటి వయసు నిషేధం లేదు. తనిఖీలో నెగ్గితే ఆర్‌సీ మరో ఐదేళ్లకు పొడిగిస్తారు.

ఇక మీ అబ్బాయి మాట. మీ మీద ప్రేమతోనే అన్నాడు, కానీ లెక్క వేసి చూద్దాం. ఐదు లక్షల లోను, 9.5 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెలకు దాదాపు 10,500 కట్టాలి. మీ పింఛనులో నాలుగో వంతు! చేతి నుంచి పెట్టే లక్షన్నరతో కలిపి మొత్తం 7.8 లక్షలు. ఐదేళ్ల తర్వాత మూడు లక్షలకు అమ్ముడుపోయినా, పోయింది 4.8 లక్షలు. కొత్త బండి ఇన్సూరెన్స్ దీనికి అదనం. పాతదానికైతే ఆర్‌సీ పొడిగింపు ఫీజు 5,000, పాత బండ్ల మీద వేసే హరిత పన్ను, ఏడాదికి 20 వేల చొప్పున సర్వీసు, టైర్లు, బ్యాటరీ. చివరికి ఆ 28 వేల కన్వర్టర్ తప్పకపోయినా సరే, అంతా కలిపి లక్షన్నర లోపే ఉంటుంది. కొత్తది లీటరుకు ఐదు కిలోమీటర్లు ఎక్కువిచ్చినా, మీరు తిరిగే దూరానికి మిగిలేది ఏడాదికి ఐదారు వేలే. బండి ధర లక్ష కూడా లేనప్పుడు దానిమీద 28 వేలెందుకని చాలామంది అంటారు. కానీ రిపేరు ఖర్చును పోల్చాల్సింది బండి ధరతో కాదు, దాని బదులు మీరు పెట్టబోయే ఖర్చుతో. ఆ 9 లక్షలు మీ ఇద్దరి ఆరోగ్యానికి అండ. దాన్ని కదపడం నాకు ఇష్టం లేదు.

ఒక్క విషయంలో మాత్రం మీ అబ్బాయి వైపే ఉంటాను. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులైలో. మీ కారులో అది లేకపోతే, దాన్ని హైదరాబాద్ ప్రయాణాలకు వాడకండి; రైలో బస్సో ఎక్కండి. తరచూ హైవే ఎక్కాల్సిన అవసరం వస్తే అప్పుడు మార్చడం గురించి ఆలోచిద్దాం. అలాగే నీలం పొగ వస్తూ ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే, కింద రేకు తుప్పు పట్టి చిల్లులు పడితే ఇక దానిమీద పైసా పెట్టొద్దు. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ (తుక్కు చేసే) కేంద్రానికే ఇచ్చి, బండి అప్పగించినట్టు వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. కొత్త బండి పన్నులో రాయితీకి అది పనికొస్తుంది. ఆర్‌సీ రద్దు కాకుండా ఎవరికో తూకానికి అమ్మితే రేపు ఆ నంబరు మీద ఏం జరిగినా మీ గుమ్మానికే వస్తారు.

ఆర్‌సీ పొడిగింపుకు గడువుకు అరవై రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు, అంటే ఆగస్టు నుంచే. ఆలస్యమైతే నెలకు 500 అదనం. పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా రోడ్డెక్కితే జరిమానా పదివేల దాకా ఉంటుంది. బీఎస్-3 బండికి ఆ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది కాబట్టి రిపేరు, పరీక్ష జులైలో పెట్టుకుంటే ఆర్‌టీఏ తనిఖీ నాటికి చేతిలో ఉంటుంది. రెండో చీటీలోని అంకెలు నాకు రాసి పంపండి. సీఓ అప్పటికీ దిగకపోతే కన్వర్టర్ మాట అప్పుడు మాట్లాడుకుందాం.