అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 82 మ్యాచుల రెగ్యులర్ సీజన్ చూడటం దండగేనా?

"ఎలాగూ ప్లేఆఫ్స్‌లోనే తేలుతుంది కదా, ఆ 82 మ్యాచులూ ఎవరు చూస్తారు?" అని అడిగారు. అన్నీ చూడక్కర్లేదండీ, నేనూ చూడను. అసలు గెలుపుల లెక్క కోసమే అయితే నిజంగా దండగే. 2006-07లో డాలస్ మావెరిక్స్ 67 గెలిచి, మొదటి రౌండ్లోనే ప్లేఆఫ్స్‌కి ఆఖరి స్థానంతో వచ్చిన ఎనిమిదో సీడ్ గోల్డెన్ స్టేట్ చేతిలో ఓడిపోయింది. ఇక లెక్కలెందుకు చెప్పండి!

చూడాల్సింది వేరే ఉంది. నేను డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉండగా దగ్గర్నుంచి చూసిన సీజన్ 2010-11. మావ్స్ (మావెరిక్స్) 24 గెలుపులు, 5 ఓటములతో దూసుకుపోతుంటే డిసెంబర్ 27న జట్టు స్టార్ డర్క్ నొవిట్‌స్కీ మోకాలికి దెబ్బ తగిలింది. అతను లేని తొమ్మిది మ్యాచుల్లో నెగ్గింది రెండే. అది చాలదన్నట్టు జనవరి 1న మిల్వాకీలో కరాన్ బట్లర్‌ మోకాలి టెండన్ తెగింది. పాయింట్లు బాగా తెచ్చే మనిషి, సీజనంతా పోయాడు. ఆఫీసులో అందరూ "ఈసారీ ఇంతేలే" అనేశారు.

ఆ లోటు ఎవరు పూడుస్తారన్నదే చలికాలమంతా చూశాం. టీఆర్ఈ లోకల్ రైల్లో స్టేడియం పక్కనున్న విక్టరీ స్టేషన్‌కి వెళ్లి, పైఅంతస్తు చౌక టికెట్లతో కూర్చునేవాళ్లం. మావ్స్ ఆటగాడు టైసన్ చాండ్లర్‌కి రీబౌండ్ (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతి) చేతికి చిక్కకపోతే వేళ్లతో బంతిని వెనక్కి, త్రీ పాయింట్ లైన్ వైపు తట్టేసేవాడు. టీవీలో కెమెరా రిమ్ (బుట్ట అంచు) మీదే ఉంటుంది. పైనుంచి చూస్తే, బంతి వచ్చే చోటికి మావ్స్ ఆటగాడు ముందే జరుగుతుండటం కనిపిస్తుంది. జేసన్ టెర్రీ అయితే బెంచ్ మీంచి లేచి వచ్చి నాలుగో క్వార్టర్లో ఆట లాగేసుకునేవాడు.

ప్లేఆఫ్స్‌లో పోర్ట్‌లాండ్‌తో నాలుగో మ్యాచులో 23 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని ఓడారు. మళ్లీ అదే పాట, "ఇంతేలే" అని. తర్వాత రెండూ గెలిచారు. లేకర్స్‌ని 4-0తో పంపేశారు, చివరి మ్యాచ్ 122-86, అందులో టెర్రీవే తొమ్మిది త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు). మయామీతో ఫైనల్ రెండో మ్యాచులో ఏడు నిమిషాలుండగా 15 వెనకబడి 95-93తో నెగ్గారు. జూన్ 12న ఆరో మ్యాచ్ ఫస్టాఫ్‌లో డర్క్ 12 షాట్లు వేస్తే ఒక్కటే పడింది. అయినా గెలిచారు, టెర్రీ 27 కొట్టాడు. ఫైనల్స్ మాత్రమే చూసినవాళ్లకి అది అద్భుతం. మాకు జనవరి నుంచీ అలవాటే.

మీరైతే ఒక్క టీమ్‌ని పట్టుకోండి. డాలస్‌లో రాత్రి ఏడున్నర మ్యాచ్ చలికాలంలో మనకి ఉదయం ఏడింటికి వస్తుంది, కాఫీ తాగుతూ ఒక క్వార్టర్ చూడొచ్చు. మూడో క్వార్టర్ చివర, స్టార్ బెంచ్ మీద కూర్చున్నప్పుడు ఎవరు ఆడుతున్నారో గమనించండి. స్కోరు తర్వాత ఫోన్లో చూసుకోవచ్చు.