సింగపూర్ హాకర్ సెంటర్‌లో మొదటి నెల: ఏం తినాలి, ఏం అడిగి తినాలి

సింగపూర్‌కి కొత్తగా దిగిన తెలుగువాళ్లు తిండి విషయంలో ఎక్కువగా రెండు రకాలు. కొందరు లిటిల్ ఇండియా దాటి రారు. ఏడాది గడిచినా టెక్కా సెంటర్ బిర్యానీ, సెరంగూన్ రోడ్డు దోసెలే. ఇంకొందరు మొదటి వారంలోనే ఫొటో చూసి ఏదో ఒకటి తెప్పించుకుంటారు. సగం తిన్నాక అందులో పంది కొవ్వు ఉందని తెలిసి, మళ్లీ ఆ ఛాయలకే పోరు. చిన్న చిన్న తిండి స్టాళ్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్లకి కాస్త తెలుసుకుని వెళ్తే ఈ రెండు అవస్థలూ ఉండవు. పళ్లెంలో కనిపించే ముక్కతో పెద్ద చిక్కు లేదు, వద్దంటే వెయ్యరు. చూసుకోవాల్సినవి కనిపించని మూడు: వేయించడానికి వాడిన కొవ్వు, ఉడికించడానికి వాడిన రసం, కారంలో కలిపిన ముద్ద.

చైనీస్ స్టాళ్లలో చార్ క్వే తియావ్ (వేయించిన వెడల్పు బియ్యం నూడుల్స్), హొక్కియెన్ మీ (రొయ్యల రసంలో వేయించిన నూడుల్స్), చ్వీ క్వే (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి బిళ్లలు) మీద వేసే ముల్లంగి వేపుడు, ఇవన్నీ పాత పద్ధతిలో పంది కొవ్వుతోనే చేస్తారు. చాలా నూడుల్స్ సూపుల్లో రసం పంది ఎముకలది, లేదా రొయ్య తలకాయలూ పంది ఎముకలూ కలిపి మరిగించినది. మలయ్ వంటల్లో పంది ఉండదు కానీ, సంబల్ అనే మిర్చి కారంలో బెలచాన్ ఉంటుంది. అది పులియబెట్టి ఎండబెట్టిన రొయ్యల ముద్ద. సంబల్ పొద్దున్నే గిన్నెల కొద్దీ చేసి పెట్టేస్తారు కాబట్టి, మీకోసం అందులోంచి బెలచాన్ తీయడం కుదరదు. అందుకే "నో మీట్" అని చెప్పి నిశ్చింతగా కూర్చోకండి. ముక్కలు తీసేసి అదే రసం, అదే కారం పోసి ఇస్తారు. వాళ్ల తప్పేం లేదు, మీరు అడిగింది అదే. రొయ్యలు పడనివాళ్లకి ఇది రుచికి సంబంధించిన సంగతి కాదు, ప్రాణానికి సంబంధించినది. ఎండు రొయ్యలు చాలా సంబళ్లలో ఉంటాయి, బాణలి కూడా అందరికీ ఒకటే.

పంది తిననివాళ్లకి సులువైన గుర్తు, స్టాల్ ముందు అతికించిన ముయిస్ (సింగపూర్ ఇస్లామిక్ మండలి) హలాల్ పత్రం. అది ఉంటే పంది మాంసం, పంది కొవ్వు, వంటలో సారా ఉండవు. కానీ బీఫ్ ఉండొచ్చు. బీఫ్ తిననివాళ్లు ఎక్కువగా తడబడేది మలయ్ స్టాళ్ల దగ్గరే. కొబ్బరిపాలలో ఇగిర్చే రెండాంగ్ అంటే మామూలుగా బీఫే. దాగింగ్ (మాంసం) అన్నా దాదాపుగా బీఫ్ అనే అనుకోవాలి. లెంబు అంటే సందేహమే అక్కర్లేదు. అయామ్ కోడి, కంబింగ్ మేక, ఇకన్ చేప, ఉదాంగ్ రొయ్య, సోతోంగ్ స్క్విడ్, తెలూర్ గుడ్డు, బాబీ పంది. ఈ నాలుగు ముక్కలు ఫోన్‌లో రాసి పెట్టుకుంటే సగం బోర్డులు చదివేయొచ్చు.

మొదలుపెట్టడానికి రోటీ ప్రాతా మంచిది. దక్షిణాది నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చిన మన పరోటాకి చుట్టమే. కోసోంగ్ అంటే లోపల ఏమీ లేనిది, తెలూర్ గుడ్డుది, బవాంగ్ ఉల్లిపాయది. విడిగా చెప్పకపోతే పక్కన చేపల పులుసో మటన్ పులుసో పోస్తారు. శాకాహారులు దాల్ అడగాలి, అందులో మటన్ ఎముకలు వేశారా అని కూడా అడగాలి. ముస్లిం స్టాళ్లలో కొన్నిచోట్ల దాల్చా పోస్తారు, అది ఎముకలతో వండినది. పెనం గుడ్డుకీ మాంసానికీ ఒకటే. పట్టింపు ఉన్నవాళ్లు టెక్కాలో శాకాహార స్టాల్‌కి వెళ్లడం మేలు. కోసోంగ్ వేడిగా ఉన్నప్పుడే తినాలి. పార్సిల్ కట్టించుకుంటే ఆవిరికి తడిసి తోలులా సాగుతుంది. మటన్ కూరి మడిచి కాల్చే ముర్తబాక్ కావాలంటే సుల్తాన్ మసీదు ఎదురుగా నార్త్ బ్రిడ్జ్ రోడ్డులో జామ్ జామ్ ఉంది, 1908 నుంచి నడుస్తోంది. చిన్న సైజే ఇద్దరికి సరిపోతుంది.

చికెన్ రైస్ మొదటిసారి చూసి మనవాళ్లు పెదవి విరుస్తారు: తెల్లగా ఉడికించిన కోడి, కారం లేదు, మసాలా లేదు. అసలు పనితనం అంతా అన్నంలో ఉంటుంది. కోడి కొవ్వులో అల్లం, వెల్లుల్లి వేయించి, బియ్యాన్ని అందులో తిప్పి, కోడి ఉడికిన నీళ్లతో పాండాన్ ఆకు వేసి వండుతారు. ముందు ఆ అన్నం ఒట్టిదే ఒక చెంచా తినండి. స్టాల్ మంచిదో కాదో అక్కడే తేలిపోతుంది. కోడిని నీళ్లు తెర్లకుండా సన్నని వేడి మీద ఉడికించి, వెంటనే ఐస్ నీళ్లలో ముంచుతారు. దాంతో చర్మం కింద జున్నులాంటి పొర ఏర్పడుతుంది. ఎముక దగ్గర కాస్త గులాబీ రంగు కనిపించడం ఈ వంటలో మామూలే. అది ఇబ్బందిగా ఉంటే రోస్టెడ్ అడగండి, లేదా ఎముక లేని రొమ్ము ముక్క అడగండి. పక్కన ఇచ్చే మూడింటినీ వదలొద్దు: వెల్లుల్లి, నిమ్మ కలిపిన ఎర్ర కారం, అల్లం ముద్ద, చిక్కటి నల్ల సోయా. ముక్కని మూడింటిలోనూ అద్దుకుంటేనే దీని రుచి తెలుస్తుంది. పిల్లలకి కారం లేకుండా పెట్టడానికి ఇంతకన్నా సులువైన భోజనం లేదు. హాకర్ సెంటర్‌లో ఒక ప్లేటు 4 నుంచి 6 డాలర్లు.

నాసి లెమాక్ కొబ్బరిపాలతో, పాండాన్ ఆకుతో వండిన అన్నం. పక్కన వేయించిన ఇకన్ బిలిస్ అనే చిన్న ఎండు చేపలు, వేరుశనగ గుళ్లు, గుడ్డు, దోసకాయ, సంబల్ ఉంటాయి. కోస్తావాళ్లకి ఎండు చేప వాసన కొత్త కాదు. ఆశ్చర్యపరిచేది సంబల్‌లో తీపి. గుంటూరు కారం ఊహించుకుని వెళ్తే నిరాశే. తీపి తక్కువగా ఉండే సంబల్ స్టాల్ దొరికేదాకా రెండు మూడు చోట్ల చూడండి. ఆడమ్ రోడ్, చాంగీ విలేజ్ ఈ అన్నానికి పేరున్న సెంటర్లు.

లక్సా దగ్గర ఒక జాగ్రత్త. కొబ్బరిపాలలో ఎండుమిర్చి, గలంగల్ అనే అల్లం జాతి దుంప, ఎండు రొయ్యలు నూరి కాచిన పులుసు, మందపాటి బియ్యం నూడుల్స్, చేప ముద్ద ముక్కలు, పైన తరిగిన లక్సా ఆకు. కతోంగ్ పేట పద్ధతిలో నూడుల్స్‌ని ముందే చిన్నగా కత్తిరిస్తారు, చెంచా ఒక్కటే చాలు. ఇందులో వేసే గుల్ల మాంసాన్ని హమ్ అంటారు. దాన్ని వేడినీళ్లలో ఊరికే ముంచి తీస్తారు. సరిగా ఉడకని గుల్లల వల్ల హెపటైటిస్ ఎ వచ్చే ప్రమాదం ఉంది. కడుపు ఇక్కడి తిండికి అలవాటు పడేదాకా, గర్భిణులైతే ఎప్పుడూ, "నో హమ్" అని చెప్పండి. చార్ క్వే తియావ్‌కీ ఇదే మాట. పంది తినేవాళ్లు ఆ చార్ క్వే తియావ్‌ని వదులుకోకూడదు. మండే బాణలిలో నల్ల సోయా మాడీ మాడకుండా నూడుల్స్‌కి పట్టే పొగ వాసన దాని ప్రాణం. ఒక్కో ప్లేటుగా వేయించే స్టాల్‌లో ఆలస్యమైనా నిలబడండి. ఐదారు ప్లేట్లు ఒకేసారి వేసే చోట బాణలి చల్లారి నూడుల్స్ మెత్తబడిపోతాయి.

తెలుగువాళ్ల నాలుకకి ఈ ఊళ్లో అన్నిటికన్నా దగ్గరి వంట చేప తలకాయ కూర. 1949లో ఎం.జె. గోమెజ్ అనే కేరళ ఆయన దీన్ని మొదలుపెట్టారని చెబుతారు. చేప తలకాయ మీద చైనీయులకి ఉన్న మక్కువ చూసి, దాన్ని దక్షిణాది చింతపండు పులుసులో వేశారు. ఇప్పుడు తమిళ హోటళ్లలోనూ, చైనీస్ హోటళ్లలోనూ, పెరనాకన్ (ఇక్కడ తరాలుగా స్థిరపడి మలయ్ అలవాట్లు కలుపుకున్న చైనీయులు) హోటళ్లలోనూ దొరుకుతుంది, ఒక్కోచోట ఒక్కో రకం. లిటిల్ ఇండియా రేస్ కోర్స్ రోడ్డులోని బనానా లీఫ్ అపోలో, ముత్తూస్ కర్రీ దీనికి పేరున్నవి. వాడేది ఎక్కువగా ఎర్ర స్నాపర్ తల, పులుసులో బెండకాయ, వంకాయ, కొన్నిచోట్ల అనాస ముక్క. ఒక తల ముగ్గురు నలుగురికి సరిపోతుంది, ఒంటరిగా వెళ్లి తెప్పించుకోవద్దు. బుగ్గ మాంసం మెత్తగా, ముల్లు లేకుండా ఉంటుంది, ముందు అది తీసుకోండి. నెల్లూరు పులుసు తిన్నవాళ్లకి పులుపు తక్కువ, చిక్కదనం ఎక్కువ అనిపిస్తుంది. కొబ్బరిపాలు పోసే చోట ఇంకాస్త మెత్తగా ఉంటుంది. అన్నంలో కలుపుకోవడానికి పులుసు మళ్లీ అడిగితే చాలాచోట్ల పోస్తారు. హోటల్ బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జి, 9 శాతం జీఎస్టీ కలుస్తాయని మాత్రం గుర్తుంచుకోండి. హాకర్ స్టాల్‌లో బోర్డు మీద రాసినదే ధర.

పుల్లకి గుచ్చి కాల్చే మాంసం, సాతే కోసం లావ్ పా సాత్ హాకర్ సెంటర్ పక్కన బూన్ టాట్ స్ట్రీట్ చాలామందికి తెలుసు. సాయంత్రం ఏడు దాటాక రోడ్డు మూసి బొగ్గుల మీద కాలుస్తారు. పుల్లలు పదికి తక్కువ అమ్మరు. సెట్ తీసుకుంటే కోడి, మటన్, బీఫ్, రొయ్య కలిపి ఇచ్చేస్తారు. బీఫ్ వద్దంటే ఆర్డరిచ్చేటప్పుడే తేల్చుకోండి, కాలాక కోడి, మటన్, బీఫ్ మూడూ ఒకే రంగులో ఉంటాయి. చిల్లీ క్రాబ్‌కి వెళ్తే మెనూలో ధర ఉండాల్సిన చోట "సీజనల్ ప్రైస్" అని ఉంటుంది. కిలో ఎంత, ఈ పీత ఎంత తూగుతుంది, ఈ రెండూ అడగకుండా సరే అనకండి.

పెరనాకన్ వంటల్లో ఒకటి మాత్రం తప్పకుండా తినండి: అయామ్ బువా కెలువాక్. కెలువాక్ గింజ పచ్చిగా విషం, అందులో సైనైడ్ ఉంటుంది. ఉడికించి, బూడిదలో పూడ్చి, తర్వాత రోజుల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టాక వంటకి పనికొస్తుంది. నల్లటి గుజ్జుని చిన్న చెంచాతో గింజలోంచి తవ్వి అన్నంలో కలుపుకోవాలి. దీన్ని ఇంట్లో ప్రయత్నించకండి. కతోంగ్, జూ చియాట్ వైపు హోటళ్లలో తినండి.

ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, వాళ్లు శాకాహారులైతే, ఈ జాబితాలో చాలా భాగం పనికిరాదు. అప్పుడు వెతకాల్సింది చైనీస్ బౌద్ధ శాకాహార స్టాళ్లు. పెద్ద సెంటర్లలో చాలావాటిలో ఒకటైనా ఉంటుంది, బోర్డు మీద వెజిటేరియన్ అని రాసి ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. అద్దాల వెనక ఉన్న కూరల్ని వేలితో చూపించి, అన్నం మీదో సన్నని బియ్యం సేమ్యా మీదో వేయించుకోవడమే. కోడిలా, చేపలా కనిపించేవి సోయా, గోధుమ జిగురుతో చేసినవి. పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే చూసి లేచి వెళ్లిపోతారు. గుడ్డు తిననివాళ్లు మాత్రం అడగాలి, కొన్నిటిలో తెల్లసొన కలుస్తుంది. చైనీస్ చాంద్రమాన నెలలో ఒకటో తేదీ, పదిహేనో తేదీల్లో ఈ స్టాళ్ల దగ్గర రద్దీ. వాటర్లూ స్ట్రీట్‌లో శ్రీకృష్ణన్ గుడి, దాని పక్కనే క్వాన్ ఇమ్ గుడి. అక్కడికి దగ్గర్లోని ఫార్చ్యూన్ సెంటర్‌లో శాకాహార స్టాళ్లు చాలా ఉన్నాయి. దర్శనం, భోజనం ఒకే పూటలో అయిపోతాయి. హక్కా చైనీయుల లే చా కూడా మీ పెద్దవాళ్లకి నచ్చొచ్చు: అన్నం మీద సన్నగా తరిగిన ఆకుకూరలు, వేరుశనగలు, టోఫు, పైన తేయాకు, పుదీన, నువ్వులు నూరిన పచ్చటి రసం. ఎండు చేప, ఎండు రొయ్య వద్దని ముందే చెప్పాలి.

ఇక్కడి తీపి వంటకాల్లో శాకాహారులకి ఇబ్బంది తక్కువ. గులా మెలాకా అనే కొబ్బరి బెల్లం పోసిన చెండోల్ (కొబ్బరిపాలు, ఐస్ తురుము, పచ్చటి పిండి సేమ్యా), సోయా పాల తావ్ హువే, బెల్లం కూరి ఆవిరి మీద ఉడికించే పుతు పిరింగ్. కాయా టోస్ట్ మాత్రం గుడ్డు, కొబ్బరిపాల జామ్.

కాఫీ సంగతి. ఒట్టి కోపీ అంటే కండెన్స్‌డ్ మిల్క్‌తో పాకంలా తియ్యగా వస్తుంది. మన ఇంటి కాఫీకి దగ్గరగా కావాలంటే "కోపీ సీ సియూ దాయ్" అనండి: చక్కెర లేని చిక్కటి డబ్బా పాలు, చక్కెర తక్కువ. కోపీ ఓ పాలు లేనిది, కోసోంగ్ చివర చేరిస్తే చక్కెర లేనిది, గావ్ అంటే స్ట్రాంగ్, పెంగ్ అంటే ఐస్‌తో. టీకి కోపీ బదులు తే. అల్లం టీ తే హాలియా.

టేబుల్ మీద టిష్యూ పొట్లం కనిపిస్తే ఆ చోటు ఎవరో పట్టుకున్నారని అర్థం, తీసి పక్కన పెట్టి కూర్చోకండి. మీరూ అలాగే పెట్టుకుని క్యూకి వెళ్లొచ్చు. అమ్మేవాళ్లని ఆంటీ, అంకుల్ అంటే చాలు. పార్సిల్‌కి "తా పావ్" అనాలి, డబ్బాకి కొన్ని సెంట్లు అదనం. ఇక్కడి బ్యాంకు ఖాతా తెరిచేదాకా 2, 5, 10 డాలర్ల నోట్లు దగ్గర ఉంచుకోండి, చాలా స్టాళ్లలో విదేశీ కార్డు పని చెయ్యదు. ఆఫీసు జనం పన్నెండుకి దిగుతారు కాబట్టి పదకొండుంబావుకల్లా చేరితే క్యూ ఉండదు. పేరున్న స్టాళ్లు సరుకు అయిపోతే రెండింటికే మూసేస్తాయి, సోమవారాలు చాలావాటికి సెలవు.

తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి. 2021 సెప్టెంబర్ 1 నుంచి హాకర్ సెంటర్లలో దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. మొదటిసారి లిఖితపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 డాలర్ల జరిమానా. ట్రేలు పెట్టే అరలు హలాల్‌కి వేరు, మిగతావాటికి వేరు. పంది మాంసం తిన్న ప్లేటుని హలాల్ అరలో పెట్టకండి.